టాకో ఏ దేశంలో ఎక్కడ తినాలి?

టోర్టిల్లా అనే పలుచటి రొట్టెలో కూరో మాంసమో పెట్టి మడిచి తినే టాకో ఇప్పుడు ఒక్క మెక్సికోకే పరిమితమైన తిండి కాదు. నార్వేలో చాలా ఇళ్లలో శుక్రవారం రాత్రి భోజనం అదే. ఫ్రాన్సులో పొద్దుపోయేదాకా తెరిచి ఉండే చిన్న దుకాణాల్లో కుర్రకారు ఆకలి తీర్చేది అదే. జపాన్ దక్షిణాన ఒకినావా దీవిలో అది అన్నం మీదికెక్కి బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో చేరిపోయింది. అమెరికాలో మంగళవారాన్ని దాని పేరుకు రాసిచ్చేశారు. మన హైదరాబాదు మాల్స్‌లోనూ దొరుకుతోంది. పేరు ఒక్కటే గానీ, ఈ పళ్లేలన్నీ పక్కపక్కన పెడితే వీటికి బంధుత్వం ఉందని నమ్మడం కష్టం.

విదేశాలకు వెళ్లేవాళ్లు, చదువులకో ఉద్యోగాలకో అక్కడ ఉంటున్నవాళ్లు అడిగే ప్రశ్న 'ఏ దేశపు టాకో మంచిది?' అని. ఆ ప్రశ్నను కాస్త మార్చి అడిగితే దారి దొరుకుతుంది. ఆ దేశంలో టాకోకు ఆదరణ ఎక్కడ ఉంది? వీధిలోనా, ఇంట్లోనా, గొలుసు దుకాణాల కౌంటరు దగ్గరా? ఆదరణ ఉన్న చోటే పదార్థాలు తాజాగా ఉంటాయి, చేసేవాళ్ల చెయ్యి తిరిగి ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. నార్వే రాజధాని ఓస్లోలో మంచి టాకో హోటలు కోసం వీధులు కొలవడం, మెక్సికో నగరంలో ఐదు నక్షత్రాల హోటలు గదికి టాకో తెప్పించుకోవడం రెండూ ఒకే కోవకు చెందిన నష్టాలు. కాబట్టి దేశాన్ని బట్టి చోటును, చోటును బట్టి వేళను ఎంచుకోవాలి. ఆ తర్వాత మీరు తినే మాంసమేదో, తిననిదేదో చూసుకోవాలి. మన తెలుగువాళ్లకు ఈ మూడోది చిన్న విషయం కాదు.

మెక్సికో: వీధిలో, నిలబడి

మెక్సికోలో టాకో ప్రాణం వీధిలోనే ఉంది. మెక్సికన్ల సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు తొలిసారి మెక్సికోకు వచ్చినప్పుడు ఒక టాకో దుకాణానికీ నక్షత్రం ఇచ్చింది. మెక్సికో నగరంలోని సాన్ రఫాయేల్ పేటలో 1968 నుంచి నడుస్తున్న ఎల్ కలీఫా దె లియోన్ అది. నలుగురు నిలబడితే ఇరుకైపోయే చోటు. ఉన్నవి నాలుగు రకాల టాకోలే. పలుచగా కోసిన గొడ్డు మాంసం, ఉప్పు, నిమ్మరసం, పెనం మీద అప్పటికప్పుడు కాల్చిన టోర్టిల్లా, అంతే. గొడ్డు మాంసం తినని వాళ్లు అక్కడ వరుసలో నిలబడి లాభం లేదు. తినేవాళ్లు మాత్రం ఒక్కసారైనా నిలబడవలసిన వరుస అది.

అన్నిటికీ మూలం టోర్టిల్లా. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పైపొర పోయేలా కడిగి రుబ్బుతారు. సున్నం తగిలిన గింజ పిండికి జిగి వస్తుంది, పలుచగా వత్తినా విరగదు. మన ఇళ్లలో మొక్కజొన్న పిండితో రొట్టె చేస్తే అంచులు పగిలిపోవడానికి కారణం ఆ సున్నం లేకపోవడమే. పోషణ పరంగా కూడా అందులో గొప్ప మేలుంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ సున్నం వల్లనే ఒంటికి పడుతుంది. ఈ పద్ధతిని వదిలేసి పంటను మాత్రం తీసుకుపోయిన ఉత్తర ఇటలీలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదలు పెల్లాగ్రా వ్యాధితో తరాల పాటు అల్లాడిపోయారు. వేల ఏళ్ల కిందట ఆ సున్నపు కిటుకు కనిపెట్టిన మెక్సికో ఆడవాళ్లకు ప్రపంచం ఇవ్వవలసినంత గౌరవం ఇంకా ఇవ్వలేదని నా గట్టి అభిప్రాయం.

వేళ సంగతికి వద్దాం. మెక్సికోలో ఒక్కో టాకోకు ఒక్కో వేళ ఉంది. పొద్దున్నే సైకిలు వెనక బుట్ట కట్టుకుని వచ్చేవాళ్లు అమ్మేవి బుట్ట టాకోలు. బంగాళాదుంప, బీన్స్, మాంసం కూరలు పెట్టి మడిచిన టోర్టిల్లాలను వేడి నూనె చిలకరించి వరుసలుగా పేర్చి, గుడ్డా ప్లాస్టిక్కూ కప్పి తెస్తారు. దారిపొడుగునా తమ ఆవిరికి తామే మగ్గి, తినే వేళకు చేతిలో మెత్తగా జారిపోతాయి. త్లాస్కాలా రాష్ట్రంలోని సాన్ విసెంతె షిలోషోచిత్లా ఊరివాళ్లకు ఇదే వృత్తి, తెల్లవారకముందే బయలుదేరి రాజధానికి చేరుకుంటారు. చౌకగా, కడుపునిండా, శాకాహారులకు కూడా సరిపోయేలా తినాలంటే మొదట వీళ్లనే వెతకండి.

మధ్యాహ్నానికి ముందు కూరల టాకోల బండ్లు వెలుస్తాయి. మట్టి పాత్రల్లో పది పన్నెండు రకాల కూరలు వరుసగా పెట్టి ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే టోర్టిల్లా మీద వడ్డిస్తారు. మెక్సికోలో మాంసం తినని తెలుగువాళ్లకు నేను మొదట చూపే చోటు ఇదే. కాల్చి తొక్కతీసిన పొబ్లానో మిరపకాయల చీలికలు మీగడలో ఉడికించిన కూర, నాగజెముడు ఆకుల వేపుడు, గుమ్మడి పువ్వు, పుట్టగొడుగులు, మొక్కజొన్న కంకికి పట్టే నల్లటి బూజుతో చేసే ఉయిత్లాకోచే ఇక్కడ దొరుకుతాయి. చివరిది పేరు వినగానే ముఖం తిప్పుకోకండి. మట్టి వాసనతో, పుట్టగొడుగును మించిన రుచితో ఉంటుంది. ఒక జాగ్రత్త: బీన్స్‌ను చాలాచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు, అన్నాన్ని కోడి రసంలో వండుతారు. 'మాంతేకా' ఉందా అని అడిగితే కొవ్వు సంగతి చెప్పేస్తారు. ఇంకొకటి, రాజధానిలో టోర్టిల్లా మడిచి కాల్చే కెసడియా అడిగితే చీజ్ లేకుండానే ఇవ్వవచ్చు. చీజ్ కావాలంటే విడిగా చెప్పాలి.

మేక, గొర్రె మాంసం ఇష్టపడే మనవాళ్లకు అసలైన పండుగ శని, ఆదివారాల ఉదయం. రాజధానికి ఉత్తరాన ఉన్న ఇదాల్గో రాష్ట్రంలో గొర్రె మాంసాన్ని మగేయ్ అనే, కలబందలా కనిపించే మొక్క ఆకుల్లో చుట్టి, భూమిలో తవ్విన గుంటలో రాత్రంతా మగ్గనిస్తారు. దాన్ని బార్బకోవా అంటారు. కింద పెట్టిన గిన్నెలోకి మాంసం రసం చుక్కచుక్కగా కారి, అందులోని శనగలు, బియ్యంతో కలిసి చారుగా తయారవుతుంది. ముందు ఆ చారు వేడివేడిగా తాగి, తర్వాత టాకో తినాలి. మధ్యాహ్నం దాటితే సరుకు అయిపోతుంది కనుక ఆలస్యంగా లేచేవాళ్లకు ఇది దక్కదు. హాలిస్కో రాష్ట్రంలో మేక మాంసాన్ని ఎండుమిరపకాయలు, మసాలా దినుసులతో ఉడికించే బిర్రియా కూడా మన నాలుకకు వెంటనే అందుతుంది. అయితే సరిహద్దు పట్టణం తిహువానాలో, దాని ప్రభావంతో అమెరికా అంతటా, బిర్రియా అంటే ఎక్కువగా గొడ్డు మాంసమే. బార్బకోవా కూడా అంతే. ఇదాల్గోలో గొర్రె, టెక్సాస్‌లో ఆవు తల మాంసం. పేరు చూసి నమ్మవద్దు, ఏ జంతువుదో అడిగి తెలుసుకోండి.

చీకటి పడ్డాక రాజ్యం అల్ పాస్తోర్‌ది. నిలువు చువ్వకు పంది మాంసం పొరలు పొరలుగా గుచ్చి, మంట ముందు తిప్పుతూ కాలుస్తారు. హైదరాబాదు వీధుల్లో షవర్మా చూసినవాళ్లకు ఆ తిరిగే చువ్వ పరిచయమే, రెండింటి పుట్టుక కూడా ఒకటే. పశ్చిమాసియా నుంచి వలస వచ్చినవాళ్లు ప్యూబ్లా పట్టణంలో మొదలుపెట్టిన అరబ్బు టాకో తర్వాత రాజధానికి చేరి, గోధుమ రొట్టె వదిలి మొక్కజొన్న టోర్టిల్లా పట్టి, ఎండుమిరప, అచియోతె గింజల ఎర్రటి ముద్ద పూసుకుని ఈ రూపానికి వచ్చింది. మంచి బండి దగ్గర పనివాడి చేతులు చూస్తూ నిలబడవచ్చు. ఎడమ అరచేతిలో టోర్టిల్లా, కుడి చేతిలో పొడవాటి కత్తి. కాలిన అంచుల వరకే మాంసాన్ని గీస్తూ టోర్టిల్లాలోకి రాలుస్తాడు. చివరికి చువ్వ పైన గుచ్చిన అనాసపండును కత్తి మొనతో ఒక్క చెక్కు చెక్కితే ఆ ముక్క ఎగిరి వచ్చి మాంసం మీద పడుతుంది. 'కాన్ తోదో' (అన్నీ వేసి) అంటే ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర వేస్తారు. నిమ్మకాయ, పచ్చడి మన చేతిలో పని. పచ్చరంగు పచ్చడి ఎర్రదానికన్నా ఘాటుగా ఉండవచ్చు కనుక చుక్క వేసుకుని చూడండి. పంది మాంసం తినేవాళ్లు ప్రపంచంలో ఒక్క టాకోనే ఎంచుకోవాలంటే నా సలహా ఇదే.

తీరం వెంబడి అయితే చేప. బాహా కాలిఫోర్నియాలోని ఎన్సెనాదా పట్టణంలో పిండిలో ముంచి వేయించిన చేప ముక్కను క్యాబేజీ తురుము, మీగడ సాస్‌తో టోర్టిల్లాలో పెట్టిస్తారు. గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ వద్దనుకునేవాళ్లకు ఎక్కువ ఆలోచన అక్కరలేని ఎంపిక. యూకతాన్‌లో పంది మాంసాన్ని పుల్ల నారింజ రసంలో నానబెట్టి అరటి ఆకుల్లో చుట్టి వండుతారు, పక్కన పెట్టే అబనేరో మిరప పచ్చడి గుంటూరు కారానికి అలవాటుపడ్డ వాళ్ల కళ్లలోనూ నీళ్లు తెప్పించగలదు. మిచోవాకాన్‌లో రాగి కళాయిల్లో సొంత కొవ్వులోనే వేగే పంది మాంసం, కార్నితాస్. ఉత్తరాన సోనోరాలో గోధుమ టోర్టిల్లా, నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసం.

ఏ బండి దగ్గర ఆగాలి? జనం ఉన్న బండి దగ్గర. సరుకు చెల్లిపోతూ ఉంటుంది గనుక పాతది మిగలదు. పళ్లేనికి ప్లాస్టిక్ సంచి తొడిగి, మనిషి మనిషికీ ఆ సంచి మారుస్తారు, కొత్తవాళ్లకు వింతగా కనిపించినా అది శుభ్రత కోసమే. డబ్బు తీసుకునే చెయ్యీ టోర్టిల్లా పట్టుకునే చెయ్యీ వేరుగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

అమెరికా: టెక్సాస్‌లో ఉదయం, కాలిఫోర్నియాలో రాత్రి

అమెరికాలో టాకోకు రెండు జీవితాలున్నాయి. ఒకటి వేయించిన టోర్టిల్లా పెళుసు పెంకుది. కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్దినోలో గ్లెన్ బెల్ అనే ఆయన హాట్‌డాగ్ దుకాణం నడిపేవాడు. ఎదురుగా ఉన్న మిట్లా కెఫే అనే మెక్సికన్ కుటుంబపు హోటల్లో వేయించిన టాకోలకు జనం బారులు తీరడం చూసి, ముందే మడిచి వేయించిన పెంకులతో వేగంగా అమ్మే పద్ధతి పెట్టుకున్నాడు. 1962లో డౌనీ పట్టణంలో ఆయన టాకో బెల్ గొలుసు దుకాణం మొదలుపెట్టాడు. మిట్లా కెఫే 1937 నుంచి ఈనాటికీ అక్కడే ఉంది. ఆ దారిన వెళ్లేవాళ్లు గొలుసు దుకాణాన్ని దాటుకుని అక్కడికే వెళ్లాలని కోరుకుంటాను. ఆ పెంకుల టాకో పుట్టింటికి తిరిగి వెళ్లాలని రెండుసార్లు ప్రయత్నించింది. 1992లో మెక్సికో నగరంలో, 2007లో మాంతెర్రే పట్టణంలో దుకాణాలు తెరిచారు. రెండూ నిలవలేదు, 2010కల్లా మూసుకుపోయాయి. వీధి మూలన వేడి టోర్టిల్లా దొరికే ఊళ్లో చల్లటి పెంకు ఎవరికి కావాలి?

అలాగని మనవాళ్లు టాకో బెల్‌ను తీసిపారేయనక్కరలేదు. అమెరికాకు చదువుకోను వెళ్లిన శాకాహార విద్యార్థులకు అర్ధరాత్రి తెరిచి ఉండి, గొడ్డు మాంసం బదులు బీన్స్ పెట్టమంటే ఏ ప్రశ్నా వేయకుండా పెట్టే చోటు అది. 2015 నుంచి అక్కడి పదార్థాలు కొన్నింటికి అమెరికన్ వెజిటేరియన్ అసోసియేషన్ ధ్రువీకరణ కూడా ఉంది. ఊరు కొత్తప్పుడు, చేతిలో డబ్బు తక్కువైనప్పుడు అది గట్టి ఆసరా. అయితే అదే టాకో అనుకుని అక్కడే ఆగిపోవద్దు.

రెండో జీవితం వలస వచ్చిన కుటుంబాలది, నిజమైన ఆదరణ ఇక్కడుంది. టెక్సాస్‌లో పొద్దున్నే తినే టాకోలు ఒక సంస్థానం. సాన్ అంటోనియో, ఆస్టిన్, రియో గ్రాండే లోయ ఊళ్లలో ఆఫీసులకు వెళ్లేవాళ్లు దారిలో రెండు కొనుక్కుని పోతారు. గోధుమ టోర్టిల్లాలో గుడ్డు, బంగాళాదుంప కలిపి పెట్టింది మనవాళ్లకు సులువుగా నచ్చుతుంది. డాలస్ పరిసరాల్లోని అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో తెలుగు కుటుంబాలు లెక్కకు మించి స్థిరపడ్డాయి. ఆ ఊళ్లలో ఉంటూ శనివారం ఉదయం పెట్రోలు బంకు పక్కన, కిరాణా కొట్టు వెనక ఉన్న చిన్న టాకేరియాకు (టాకో దుకాణానికి) వెళ్లకపోవడం పెద్ద వెలితి. టోర్టిల్లా అక్కడే వత్తుతున్నారా, సంచిలోంచి తీస్తున్నారా అనేది ఒక్కటి చూడండి. గోధుమ టోర్టిల్లా పిండిలోనూ కొవ్వు కలిపే అలవాటుంది కాబట్టి శాకాహారులు అడిగి, అనుమానముంటే మొక్కజొన్నది తీసుకోవడం మేలు.

లాస్ ఏంజెలెస్‌లో రాత్రివేళ టాకో ట్రక్కులు. చీకటి పడ్డాక పేవ్‌మెంట్ల మీద చువ్వలు వెలుగుతాయి. కొరియన్ పద్ధతిలో కాల్చిన మాంసాన్ని టోర్టిల్లాలో పెట్టిన కోగి ట్రక్కు 2008లో అక్కడే బయలుదేరింది, రాయ్ చోయ్ వండిన ఆ టాకో దేశమంతటా ఫుడ్ ట్రక్కుల ధోరణికి ఊపు ఇచ్చింది. సాన్ డియేగోలో ఉంటే చేప టాకో తినండి, ఎన్సెనాదా నుంచి సరిహద్దు దాటి వచ్చిన రుచే అది.

మంగళవారం టాకోల ('టాకో ట్యూస్‌డే') మాట: ఆ పేరు మీద వయోమింగ్ రాష్ట్రానికి చెందిన టాకో జాన్స్ అనే సంస్థకు 1989 నుంచి ట్రేడ్‌మార్కు ఉండేది. టాకో బెల్ అభ్యంతరం చెప్పడంతో 2023లో వదులుకున్నారు. మంగళవారం ధర తగ్గించే దుకాణాలు చాలా ఉంటాయి, విద్యార్థులు ఆ రోజు చూసుకుని వెళ్లవచ్చు.

నార్వే, స్వీడన్: ఎవరైనా ఇంటికి పిలిస్తే

స్కాండినేవియాలో టాకోకు ఉన్న ఆదరణ చూసి మెక్సికన్లే ఆశ్చర్యపోతారు. 1990ల నుంచి సూపర్ మార్కెట్లలో టాకో సామగ్రి పెట్టెలు వచ్చాయి. ఓల్డ్ ఎల్ పాసో, సాంటా మారియా లాంటి కంపెనీలు పెంకులు, మసాలా పొట్లం, సాస్ కలిపి అమ్మాయి. వారాంతం మొదలైందనడానికి గుర్తుగా శుక్రవారం సాయంత్రం కుటుంబమంతా బల్ల చుట్టూ చేరి టాకోలు కట్టుకునే ఆనవాయితీ అలా స్థిరపడింది. చలి దేశం, బయట తినడం బాగా ఖరీదు, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాల నుంచి అలసి వచ్చే రోజు. ఖీమా వేయించి, మిగతావి తరిగి గిన్నెల్లో పెట్టేస్తే వంట అయిపోయినట్టే. పిల్లలు ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకుంటారు. ఈ మూడు కారణాలూ కలిసినప్పుడు ఒక వంటకం ఇంటిల్లిపాదిదీ కావడంలో వింత లేదు.

గిన్నెల్లో కీరదోస ముక్కలు, డబ్బా మొక్కజొన్న గింజలు, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ ఉంటాయి. స్వీడన్‌లో అనాసపండు, వేరుశనగలు కూడా కనిపిస్తాయి. కారం పేరుకే. మనకు ఇది చప్పగా అనిపించడం సహజమే, కానీ ఈ టాకో విలువ దాని కారంలో లేదు, బల్ల చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది. అందుకే నా సలహా స్పష్టం: నార్వేలో టాకో కోసం హోటళ్లకు డబ్బు పోయవద్దు. సహోద్యోగులో పక్కింటివాళ్లో శుక్రవారం పిలిస్తే మాత్రం వద్దనకండి, వెళ్లేటప్పుడు ఒక సీసాలో మన మిరపకాయ పచ్చడి పట్టుకెళ్లండి. అక్కడే స్థిరపడి పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లకు ఈ అలవాటు ఇంట్లో పెట్టుకోదగ్గది. ఖీమా బదులు రాజ్మా, సోయా ఏది వేసినా పద్ధతి చెడదు.

ఫ్రాన్సు: ఆకలి దహించే రాత్రి

ఫ్రెంచి టాకోకూ మెక్సికోకూ పేరు ఒక్కటే ఉమ్మడి. 2000ల మొదట్లో లియాన్ శివార్లలో పుట్టిందని కొందరు, గ్రెనోబుల్‌లో అని కొందరు వాదించుకుంటారు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు నడిపిన కబాబు దుకాణాల్లో పుట్టిందన్నది అందరూ ఒప్పుకునే సంగతి. పెద్ద గోధుమ టోర్టిల్లాలో మాంసం, బంగాళాదుంప ఫ్రైస్, కరిగిన చీజ్ సాస్ నింపి, నాలుగువైపులా మడిచి, రెండు వేడి పలకల మధ్య నొక్కి కాలుస్తారు. చేతిలో ఇటుకంత బరువుంటుంది. ఓటాకోస్ అనే గొలుసు సంస్థ దీన్ని దేశమంతటా, బెల్జియంలోనూ విస్తరించింది. మొరాకోలో కూడా ఊరూరా దొరుకుతోంది.

విద్యార్థులకు, రాత్రి బండెక్కి ఊరు చేరినవాళ్లకు ఇది సరైన తిండి. చాలా దుకాణాల్లో మాంసం హలాల్, కోడి మాంసం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పంది, గొడ్డు మాంసాలు వద్దనే మనవాళ్లకు ఇబ్బంది లేదు. చిన్న సైజు చాలు. మధ్యాహ్న భోజనానికి మాత్రం ఎంచుకోవద్దు, ఆ పూట ఇంక ఏ పనీ సాగదు. ఈ టాకోను ఫ్రెంచి వంట పెద్దలు చిన్నచూపు చూశారు. శివార్ల పిల్లలు చౌకగా కడుపు నింపుకోవడానికి తమంతట తాము తయారుచేసుకున్న వంటకం దేశమంతా పాకిందంటే అందులో గౌరవించవలసిన తెలివి ఉంది.

ఒకినావా: అన్నం మీద

ఒకినావా దీవిలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనిక స్థావరాలు వచ్చాయి, వాటితో టాకో వచ్చింది. కోజా పట్టణంలో చార్లీ టాకోస్ 1956 నుంచి ఉంది. 1984లో కిన్ పట్టణంలో, క్యాంప్ హాన్సెన్ స్థావరం ముందు దుకాణం నడిపే మత్సుజో గిబో టాకోలో పెట్టే ఖీమా, చీజ్, లెట్యూస్, టమాటాలను వేడి అన్నం మీద వేసి అమ్మడం మొదలుపెట్టాడు. యెన్ విలువ పెరిగి సైనికుల డాలర్లకు అంత విలువ లేకుండా పోతున్న కాలం అది, తక్కువ ధరలో కడుపు నింపే తిండి కావాలి. అన్నం ఆ పని చేసింది. కొద్ది కాలంలోనే స్థానికులది అయిపోయి బడి భోజనాల్లోకి, తర్వాత జపాన్ ప్రధాన భూభాగంలోని కెఫేల్లోకి చేరింది.

అన్నం తినేవాళ్లం గనుక మనకు ఇది ఒక్క ముద్దలో అర్థమవుతుంది. కిన్ పట్టణంలోనే తినాలి, స్థావరం గేటు ఎదుటి వీధిలో వడ్డన ధారాళంగా ఉంటుంది. ఖీమాలో గొడ్డు మాంసం ఉంటుంది, పంది మాంసం కూడా కలిపి ఉండవచ్చు. ఆ రెండూ తినని వాళ్లు ఇంట్లో కోడి ఖీమాతో చేసుకుంటే సరిపోతుంది, వేడి అన్నమూ చల్లటి లెట్యూసూ నోట్లో కలిసే ఆ తేడా పోదు.

మన ఊళ్లలో

టాకో బెల్ 2010లో బెంగళూరులో మొదటి దుకాణం తెరిచింది, తర్వాత హైదరాబాదుకూ వచ్చింది. మన దేశంలో వాళ్లు గొడ్డు మాంసం, పంది మాంసం వడ్డించరు. బంగాళాదుంప, పనీర్, కోడి మాంసం ఉంటాయి. ఇక్కడ టాకో ఆదరణ మాల్‌లో, ఫోనులోని ఆర్డరులో ఉంది. ఈ రెండింటిలో మాల్‌నే ఎంచుకోండి. పెళుసు పెంకు ప్రాణం పది నిమిషాలు. డెలివరీ పెట్టెలో ఆవిరికి మెత్తబడి, తడిసిన కాగితంలా తయారవుతుంది. ఇంటికే తెప్పించుకోవాలంటే మెత్తటి గోధుమ టోర్టిల్లాలో చుట్టినవి చెప్పండి.

ఇంకా మంచి దారి ఇంట్లో చేసుకోవడం. ఇక్కడ పిండి దగ్గరే చాలామంది దారి తప్పుతారు. కొట్టులో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి మెత్తని పొడి గంజి పిండి, దానితో టోర్టిల్లా రాదు. పచ్చటి మొక్కజొన్న పిండితో వత్తితే పగులుతుంది. సున్నంతో శుద్ధి చేసిన మాసా హరీనా పిండే కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఓపికున్నవాళ్లు ఎండు మొక్కజొన్న గింజలతో మొదలుపెట్టవచ్చు. కిలో గింజలకు పది గ్రాముల తాంబూలపు సున్నం, మూడు లీటర్ల నీళ్లు. కిళ్లీల్లో తినే శుద్ధమైన సున్నమే వాడాలి, గోడలకు కొట్టేది పనికిరాదు. స్టీలు గిన్నెలోనే ఉడికించాలి, అల్యూమినియం సున్నానికి పడదు. వేలితో రుద్దితే పైపొర జారేదాకా సన్నని సెగ మీద ఉంచి, రాత్రంతా ఆ నీటిలోనే వదిలేసి, పొద్దున పొరలు పోయేలా నాలుగైదు నీళ్లు పోసి కడిగి, నీళ్లు ఎంత తక్కువైతే అంత తక్కువతో మెత్తగా రుబ్బాలి. పిండి ముద్దను పగలకుండా అరచేతిలో చదును చేయగలిగితే తయారైనట్టే.

చిన్న ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి పళ్లెంతో నొక్కి, బాగా కాగిన ఇనుప పెనం మీద వేసి రెండుసార్లు తిరగేయండి, మూడోసారి పొంగుతుంది. తీసిన వెంటనే తినవద్దు, గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. మొదటిసారికి మాంసం జోలికి పోకండి. పొబ్లానో మిరపకాయలు ఇక్కడ దొరకవు కాబట్టి లావు బజ్జీ మిరపకాయలను మంట మీద నల్లగా కాల్చి, తొక్క, గింజ తీసి, చీలికలు చేసి, ఉల్లిపాయతో వేయించి, మీగడ వేసి దించండి. ఉప్పు సరిచూసుకుని, రెండు టోర్టిల్లాలు ఒకదానిమీద ఒకటి వేసి, కూర పెట్టి, నిమ్మకాయ పిండండి.